అచ్చులు పెట్టని రాత

సిరిపురంలో ఏసీ హాలు.
వెనక గుడ్డ మీద పెద్దక్షరాలు:
చట్టబద్ధం చేయాలా, వద్దా?
పోర్టులో ముప్పయ్యొక్కేళ్లు స్టెనోగా చేశాను.
ఇప్పుడిలాంటి సభలు రాసిపెడితే
పూటకి ఎనిమిది వందలు, భోజనం వాళ్లదే.

మా రాతలో వేగం కోసం
అచ్చులు వదిలేస్తాం.
హల్లులే గీతలు. మిగతాది
ఇంటికెళ్లాక గుర్తు తెచ్చుకోవాలి.

లాయరుగారు వేళ్లు మడుస్తూ చెప్పారు.
అమ్ముకోవడం నేరం కాదట.
వీధిలో పిలవడం నేరం.
గది అద్దెకివ్వడం నేరం.
పద్దెనిమిది నిండిన కొడుకు
తల్లి తెచ్చిన అన్నం తినడమూ నేరమే.
"మరి ఆకాశంలో సేసుకోమంతారేటి?"
వెనక వరసలోంచి ఒక గొంతు.
నవ్వులు. నవ్వుల్ని మినిట్స్‌లో రాయను.

ప్రొఫెసరమ్మ కళ్లజోడు తీసి అన్నారు:
లైసెన్సు ఆమె పేరున ఇస్తారు,
అది బ్రోకరు జేబులో ఉంటుంది.
ఇంకెక్కడో దేశంలో
కొనడానికి వచ్చినవాణ్ణే పట్టుకుంటారట.
ఆ మాటకి హాల్లో మగవాళ్లందరికీ
ఒకేసారి ఫోన్లు చూసుకోవాల్సిన పని పడింది.
నాకు పెన్సిలు చెక్కుకోవాల్సిన పని.

నూకరత్నం లేచింది. మైకు ఆమెకి అందలేదు.
"ఆ కార్డు మీద నా ఫొటో ఏత్తారా బాబూ?
మా పాప ఇస్కూలు కాయితంలో
తల్లి ఉద్యోగం అన్నకాడ
కుట్టుమిసను అని రాయించాను.
రేపు ఆ గడిలో ఏటి రాత్తారు?
అలగని వద్దనీ అన్ను.
నేరం కాదంతే
స్టేసనోడికి నెలనెలా ఇచ్చింది మిగుల్తాది.
ఓనరమ్మ ఎవులొచ్చారని అడిగితే
చుట్టమని సెప్పక్కర్లేదు."

పక్కనున్న దాలెమ్మ కూర్చునే మాట్లాడింది.
"రొయ్యల కంపెనీలో పనని తెచ్చారు నన్ను.
అప్పుడికి పదారేళ్లు.
దీన్ని పని అని మాత్రం రాయకండి.
పని మానేత్తే జీతం కోత్తారు.
నాను మానేత్తానంటే
నన్నే కోసారు."
జాకెట్టు చెయ్యి కాస్త పైకి లాగింది.
అది రాయడానికి మా రాతలో గుర్తు లేదు.

ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చారు.
ఒకే సీసా నీళ్లు తాగారు.
ఒకరి మాట ఒకరు ఒప్పుకోలేదు.
ఆటో చార్జీ మాత్రం సగంసగం అనుకున్నారు.

పాతపోస్టాఫీసు వెనక సందు
అని నూకరత్నం అన్నప్పుడు
నా చెయ్యి మాట కన్నా ముందు పరిగెత్తింది.
పద్నాలుగు మెట్లు. ఏడోది విరిగింది.
కమ్మీ పట్టుకుంటే
రేవు నుంచి ఎగిరొచ్చిన బొగ్గు దుమ్ము
అరచేతికంతా అంటుకునేది.
ఇంటికెళ్లి, పోర్టు మసి, అన్నాను.
సబ్బు తెచ్చిచ్చింది మా ఆవిడ.
అప్పటికి నూకరత్నం పుట్టి ఉండదు.
అలా లెక్కేసుకున్నాను,
అదేదో గొప్ప సంగతైనట్టు.

గేటు దగ్గర అడిగింది:
"బాబూ, అంతా రాసేరా?"
"రాసేనమ్మా."
వోచరు మీద సంతకం పెట్టాను.
ఏ పని నిమిత్తం అన్న గడిలో
చెప్పింది రాయుట, అని రాశాను.

రాత్రి. డాల్ఫిన్స్ నోస్ అవతల
ఏదో ఓడ లోపలికి రానివ్వమని కూస్తోంది.
టైపు చేస్తూ చేస్తూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను.
ఆమె ఆఖర్న అన్నది.
"...రేతిరేళే వత్తాది, తలుపు కొడతాది,
పగలు రోడ్డు మీద ఎదురైతే
నన్నెరగనట్టు పోతాది."

ఎవరు? ఏది?
నా నోటుబుక్కులో ఉన్నవి మూడు గీతలే.
చ, ట్ట, మ.
తలకట్టు పెడితే చట్టం.
కొమ్ము పెడితే చుట్టం.
రెండు విధాలా అర్థం కుదురుతోంది,
వెధవది, రెండు విధాలా.

నలభై ఏళ్ల సర్వీసులో
ఎవరికి కొమ్ము కాయమంటే వాళ్లకి కాశాను.
ఇక్కడ వేలు కదలడం లేదు.

హాజరైనవారు, అని పైన ఒక పట్టిక ఉంది.
లాయరు, ప్రొఫెసరు, ఇద్దరు బాధితులు,
ఇతరులు ముప్పయ్యారు.
రాసినవాణ్ణి అందులో చేర్చే ఆచారం లేదు.

ఎల్లుండిలోగా ఇవ్వమన్నారు.