నూటపన్నెండో బారు

రూబెన్ మాస్టారి దగ్గర నేను పార్టులు రాసేవాణ్ణి.
ఆయన ఒక్కటి రాస్తే నేను నలభై చేసేవాణ్ణి.
వడపళనిలో, డిపో బస్సులు మేలుకోకముందే
బల్ల మీద నల్ల సిరా, బల్ల కింద దోమలు.
ఐదేసి గీతల మీద తోకలున్న చుక్కలు చూసి
మా ఆవిడ "మీ తోకకప్పలు" అనేది.

పేరు విని ఆయన్ని దొరల సంతతి అనుకునేవారు.
కాదు. బాపట్ల దగ్గర ఉప్పుకొటార్లు.
మిషను గుళ్ళో ఆర్గన్‌కి తిత్తులు తొక్కడం
పదో ఏట ఆయన మొదటి కొలువు.

మద్రాసు వచ్చిన మూడో ఏడు
"కండక్టరుగా కుదిరాను" అని ఇంటికి కార్డు రాశాడట.
మావాడికి బస్సుల్లో పనంటని
వాళ్ళమ్మ పేటంతా చెప్పుకుంది.
ఆయన దిద్దలేదు.
సెలవుకెళ్ళినప్పుడల్లా పచారీ కొట్లో నోటు మార్చి
సంచీ నిండా చిల్లర పోసుకుని రైలెక్కేవాడు.

ఎర్రలైటు వెలిగితే ఫ్యాన్లు ఆపేసేవారు.
గడ్డాల కింద వయొలిన్లు చెమటకి జారేవి.
ఆ హాల్లో చప్పుడు చెయ్యకూడని వాయిద్యం ఆయనొక్కడే.
నాయిక తలుపు తీసేలోపు పదకొండు సెకన్లు,
తీశాక ఏడుపుకి నాలుగు.
భోజనాల తర్వాత ఎడిటరొచ్చి
"ఏడుపు రెండు చాలు" అనేవాడు.
మాస్టారు కళ్ళు మూసుకుని, వేళ్ళు లెక్కపెట్టుకుని
చెల్లోల నడిగి ఒక నిట్టూర్పు మానిపించేవాడు.

అలా పందొమ్మిదేళ్ళు.
తర్వాత ఒక కుర్రాడు నల్లపెట్టె చంకలో పెట్టుకొచ్చాడు.
వయొలిన్లన్నీ అందులోనే ఉన్నాయి.
వాటికి టిఫినక్కర్లేదు, బేటా అక్కర్లేదు.
మంచి కుర్రాడే. మాస్టారికి కుర్చీ వేశాడు.

ఆ ఏడే ఆయనకి పిచ్చెక్కిందన్నారు.
పాలసీ డబ్బులు తీసి
ఎగ్మూరులో ఒక ఇటాలియను ఒపేరా, ఒక్క రాత్రి.
నాయిక పెరంబూరు రైల్వే ఆసుపత్రి నర్సు.
విలను మైలాపూరు బ్యాంకులో క్యాషియరు.
పనుల్లేక తిరుగుతున్న ఇరవైముగ్గురు వాద్యగాళ్ళతో
"భయపడకండ్రా, ఇది మన పద్యనాటకమే.
కాకపోతే చచ్చినవాడు
వన్స్‌మోర్ అన్నా లేవడు" అన్నాడు.

రెండో అంకంలో కరెంటు పోయింది.
నర్సు గొంతు చీకట్లో ఒక్కక్షణం తడబడి సాగింది.
విల్లులు తడుముకుంటున్నాయి.
నేను రెక్కల పక్కన టార్చి కోసం పరిగెత్తబోతుంటే
మాస్టారు జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసి
మణికట్టుకి చుట్టుకున్నాడు.
అంతే. చీకట్లో ఒక తెల్లమచ్చ
కిందికి, పక్కకి, పక్కకి, పైకి.
పదకొండు నిమిషాలు.
కాగితాలు కనపడనివాళ్ళు కూడా వాయించారు.
ఎలాగని తర్వాత అడిగితే
ట్రంపెట్ డొమినిక్ "ఏమో, ఆకలేసినట్టు తెలిసింది" అన్నాడు.

జనం నూటనలభై మంది. అప్పు మాత్రం
ఆయన కూతురి పెళ్ళయ్యాక కూడా తీరలేదు.

ఇప్పుడు కుడి భుజం పట్టేసింది.
చెయ్యి చెవి దాకా లేవదు.
పోయిన గురువారం పెరంబూరు వెళితే
అటక మీది ట్రంకుపెట్టె దింపమన్నాడు.
నాఫ్తలీను ఉండల మధ్య ఆ రాత్రి స్కోరు.

తిరగేశాను. నూటపన్నెండో బారు.
రెండో వయొలిన్లకి అక్కడుండాల్సిన స్వరం వేరు;
నిద్రమత్తులో నేను ఒక గీత పైకి రాశాను.
పార్టుల్లో అలాగే పోయింది, అలాగే మోగింది.
ఇరవయ్యారేళ్ళు అది నాకు తెలియదు.
స్కోరు అంచున ఆయన పెన్సిలు:
"కొండడి తప్పు. బావుంది. ఉండనీ."

అడుగుదామని చూస్తే
ఆయన ఇడ్లీ ఎడమచేత్తో తుంపుకుంటున్నాడు.
పెట్టె మూసి, చొక్కా జార్చి
భుజానికి కర్పూరతైలం రాస్తూ కూర్చున్నాను.
"తొందరపడుతున్నావు" అన్నాడు.