సెట్టయిపోతాది

జారింది కాలు, బడి వరండాలో ఒలికిన గంజి మీద.
విరిగింది మాత్రం చెయ్యి.
అదీ కుడిచెయ్యి, ఎర్రసిరా చెయ్యి.
పిచ్చాటూరు నుంచి పుత్తూరు దాకా బస్సులో
ఎడమచేత్తో దాన్ని ఎత్తుకొచ్చాను,
ఎవరి బిడ్డనో కాసేపు పట్టుకోమన్నట్టు.

చెంగల్రాజు మణికట్టు మీద బొటనవేలు ఆనించి
కళ్ళు మూసుకున్నాడు.
బావిలో పడిన బొక్కెన కోసం
పాతాళగరిగె తిప్పేవాడి ముఖం అది.
"బళ్ళో ఏం చెప్తారు టీచరమ్మా?"
"ఇంగ్లీ..." అనేలోగా
టక్కుమంది.
"అంతే. ఇంక సెట్టయిపోతాది."

గుడ్డుసొన, ఆకుపసరు, వెదురు దబ్బలు,
చుట్టలు చుట్టలుగా తెల్లగుడ్డ.
ఆ పచ్చివాసనలో కూర్చుని
నొప్పి మరిచిపోడానికి ఆ మాటను నమిలాను.
సెట్.
నిఘంటువులో దానికి పేజీలకు పేజీలు.
వీటిలో ఇతను అన్నదేది?
అతుక్కోవడమా? అతుకంటే గీత మిగులుతుంది.
కూడడం లెక్కలది.
అమరడం ఉంగరంలో రాయికి బాగుంటుంది, ఎముకకు జాస్తి.
పెరుగు తోడుకుంటుంది, నెయ్యి పేరుకుంటుంది.
మా తెలుగు మాస్టారికి ఫోన్ చేస్తే
"స్థిరపడుట" అని పెట్టేశాడు.

కుదరడం.
మా అవ్వ కుండ కింద
వరిగడ్డితో పేనిన చుట్ట పెట్టేది.
కుండకు చదునైన అడుగుండదు, నేలకు గుంటుండదు,
ఇద్దరి మధ్య ఆ గడ్డి ఒప్పందం.
కుదురు అనేది దాన్ని.
నా చేతికిప్పుడు తెల్లగుడ్డ కుదురు
అనుకుని, కొంచెం గర్వంగానే లేచాను.

పక్క బల్ల మీద నగరి మగ్గాల పిల్లోడు.
ఆర్నెల్ల కింద ఇంకెక్కడో కట్టించుకున్నాడంట,
మోచెయ్యి కొడవలి.
"తప్పుగా సెట్టయింది నాయనా.
మళ్ళీ విరచాల."
వాళ్ళమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.
నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.
తప్పుకు కూడా కుదురుకోవడం వచ్చునని
ఏ పేజీలోనూ చదవలేదు.

సోమవారం, దిద్దిన పేపర్ల కట్ట బల్లమీద అట్నే ఉంది.
మార్కులు ఎక్కించాలి.
ఎనిమిదో తరగతి మునికుమారిని పిలిచాను,
ఆ పిల్ల అంకెలు గీత దాటవు.
నేను చదువుతాను, అది రాస్తుంది.
పదిహేను. పదకొండున్నర. పద్దెనిమిది.
తర్వాత దాని పేపరే.

నాలుగో ప్రశ్నకు అందరూ రాసిందే రాశారు:
జామెట్రీ పెట్టె, టీవీ, ఇద్దరు ముగ్గురు సెట్ దోశ.
ఇది మాత్రం,
సన్ సెట్ అంటే పొద్దు ఇంటికి పోవడం అని.
దాని మీద అడ్డంగా నా ఎర్రగీత.
పక్కన నా చేతిరాతే: అస్తమించుట. సున్నా.

మా ఊళ్ళో ఎవరైనా ఎప్పుడైనా
పొద్దు అస్తమించింది, మేకల్ని తోలుకురా అన్నారా?
పొద్దు గూకేది.
గూకితే అవ్వ దీపం బుడ్డి తుడిచేది.
అది ఎక్కడికి పోయిందని మేమడిగితే
వాళ్ళింటికి అనేది.

"ఎన్ని టీచర్?"
"పద్నాలుగు."
"పదమూడే కదా వేసినారు."
"రాయి."
రాయలేదు.
పేపరు లాక్కుని, పెదాలు కదుపుతా,
మొదటి నుంచి కూడింది.
పదమూడే వచ్చింది. పదమూడే రాసింది.
"తర్వాత ఎవరిది టీచర్?" అంది.

కట్టు లోపల సన్నగా దురద.
చెంగల్రాజు ముందే చెప్పినాడు,
దురద పెడితే గోకొద్దమ్మా,
లోపల పని జరగతా ఉంటాదని.