గరిటెలో గుట్ట

దమన్‌హూర్‌లో రైలు గేటు పక్కన
బయ్యూమీ తోపుడుబండి.
రాత్రంతా సన్నసెగ మీద ఉడికిన చిక్కుడు గింజల్ని
వాళ్లు ఫూల్ అంటారు.
పేరుకు మనకు నవ్వొచ్చినా
ఆ వీధికి పొద్దు పొడిచేది ఆ కుండలోంచే.

నైలు కాలువ కూతవేటులో పారుతుంది.
గింజలు మాత్రం ఓడెక్కి వస్తాయి,
మన చలికాలం వాళ్లకు వేసవయ్యే దేశం నుంచి.
"మా తాత తిన్న తిండే,
సముద్రం దాటొచ్చి
నాకే లెక్కలు చెబుతోంది" అంటాడు బయ్యూమీ.

డాలరును అతను ఒక్కసారే చూశాడు,
బావమరిది పర్సులో, తాయెత్తులా మడిచి ఉండగా.
అయినా పొద్దున్నే టోకు వర్తకుడు ఫోనులో చెప్పేది
దాని ఒంట్లో ఎలా ఉందనే.
అది కులాసాగా ఉంటే
ఇక్కడ ఈజిప్టు పౌండుకు జ్వరం.

నిన్నటి బస్తా నిన్నటి ధరకు అమ్మాడు, సరే.
ఆ డబ్బుకు ఇవాళ ముప్పాతిక బస్తానే.
లాభం చూసి నవ్వుకున్న రాత్రే
పెట్టుబడి గోడ దూకి పోయింది.

నూనె కొండెక్కింది.
నిమ్మకాయ ఇక్కడి చెట్టుదేగా, దానికేం రోగం?
దాన్ని మోసే లారీ టైరు పరదేశిది.
గ్యాసు కొండెక్కిన వారం
కుండ కింద మంట కొండెక్కింది.
మాట ఒకటే,
మొదట ఎక్కడం, తర్వాత ఆరిపోవడం.

ధర పెంచుదామంటే నోరు రాదు.
ఎదురుగా గిన్నె పట్టుకుని నిలబడేది
గేటు కాపలావాడు, ఇటుకల కూలీ,
బడికి ఆలస్యమైన పిల్ల.

ఒక రాత్రి, నవ్వారా నిద్రపోయాక,
గరిటెను బోర్లించి
అడుగున సుత్తితో రెండు దెబ్బలు వేశాడు.
మూడోది వేయలేకపోయాడు.
పైకి అదే గరిటె. లోపల చిన్న గుట్ట.

మర్నాడు అందరికీ నిండుగానే పోశాడు,
ఎవరి కళ్లలోకీ చూడకుండా.

లెక్కల మాస్టారు షాకిర్ రిటైరై పదకొండేళ్లు.
పింఛనుది నత్తనడక.
ఆయన గరిటె వంక చూశాడు,
కుండ వంక చూశాడు,
మీసానికంటిన నూనె తుడుచుకున్నాడు.
ఏమీ అనలేదు.

మూడో రోజు ఆయన తెచ్చిన గిన్నె
కొంచెం చిన్నది.
"పాతది పగిలింది" అన్నాడు.
స్టీలు గిన్నె ఎలా పగిలిందని
బయ్యూమీ అడగలేదు.
అంచుదాకా పోశాడు.
ఒక గింజ పొర్లి రోడ్డు మీద పడితే
ఇద్దరూ ఒకేసారి వంగారు.