రెండు పిడతల మధ్య

నా పని తీగ విప్పడం, చుట్టడం.
ఐదు వందల మీటర్ల ఎర్ర తీగ, చెక్క రాట్నం, బొబ్బలెక్కిన అరచెయ్యి.
బెన్విందా ముందు నడుస్తుంది, చంకలో మట్టిపిడతతో.
దాని జోడు పిడత
బడి వెనక గోతిలో, తడి బంకమట్టిలో,
కదలకుండా కూర్చుని ఉంటుంది.
రెంటిలోనూ మైలుతుత్తం నీళ్లు.
అంత నీలం మా ఫోగో దీవిలో
సముద్రానికి తప్ప ఇంకెవరికీ లేదు.

మాది నల్ల కొండ. అడుగు వేస్తే బూడిద.
వాన ఏడాదికి మూడుసార్లు వచ్చిందంటే గొప్ప,
వచ్చిందీ నిలవదు,
అప్పు తీసుకున్నవాడు సందు తిరిగినట్టు
లావా పగుళ్లలోకి మాయం.
చిన్నప్పుడు గాడిద మీద రెండు డబ్బాలు వేసుకుని
తెల్లారకముందే బయల్దేరేవాణ్ణి.
గాడిద పేరు సార్జెంటు. దాని దాహం నాకు తెలుసు,
నా దాహం దానికి తెలుసు,
కాళ్ల కింద ఏం పోతోందో ఇద్దరికీ తెలీదు.

"ఈ మీటరు నీళ్లను చూడదు ఎవారిస్తూ,"
మొదటి రోజే చెప్పిందామె.
"రాతి సందుల్లోంచి జారే నీరు
కొంత ఆవేశాన్ని తన వెంట లాక్కుపోతుంది,
కొంత రాతికే అంటుకుని మిగిలిపోతుంది.
ఆ ఎడబాటు ఎంతో, అదే ఈ అంకె."

ఆవేశం అంటే నాకు మా నాన్నదే తెలుసు,
పళ్లేలు ఎగిరేవి.
నీటిది వోల్టులో వెయ్యోవంతు,
గొణుగుడు.

గుంట తవ్వు. తడుపు. పిడత పెట్టు. ఆగు.
అంకె కుదురుకునేదాకా ఊపిరి కూడా మెల్లగా.
మైనస్ నలభై. మైనస్ అరవై రెండు.
ఎక్కేకొద్దీ ఇంకా దిగుతోంది, మైనస్ నూట ఎనిమిది.
ఒక మధ్యాహ్నం అంకెలకు పిచ్చెక్కింది,
బెన్విందా మొహం వెలిగింది, పరుగెత్తాం,
చూస్తే దెవొదాతు గారి మేక
తీగ నములుతోంది.

సాయంత్రం బయల్దేరిన చోటికే వచ్చి మళ్లీ కొలవాలి.
సున్నా రావాలి, నాలుగు వస్తుంది.
ఎక్కడ తప్పామో ఎవరికీ తెలీదు కాబట్టి
ఆ నాలుగునీ దారిలోని గుంటలన్నిటికీ
తలా కాస్త పంచేస్తుంది.
మా ఇంట్లో తప్పెప్పుడూ ఒకరి మీదే పడేది.
ఈ పద్ధతి బావుందనుకున్నాను.

కొండకు అడ్డంగా మూడు గీతలు నడిచాం, మూడు ఎత్తుల్లో.
మూడింటిలోనూ ఒక్కోచోట అంకె గుంటలా కుంగింది.
కాగితం మీద ఆ మూడు గుంటలూ కలిపితే
ద్రాక్షతోట కిందుగా, చర్చి పక్కగా,
ఎప్పుడో లావా కప్పేసిన లోయ వెంట
ఒక వాలు.
నీరు పల్లమెరుగు. పల్లం మాత్రం
మాకు ఇన్నాళ్లూ ఎవరూ చూపించలేదు.

చివరి రోజు, ఉప్పు అంచు తాకని నల్ల ఇసుకలో
పిడత పాతాం. ప్లస్ ముప్పై ఒకటి.
బెన్విందా నోట్లో పెన్సిలు, మాట లేదు.
బట్టలు ఉతుక్కుంటున్న ఫిలిజ్మీనా లేచి వచ్చి
ఏమిటని అడిగింది. చెప్పాను.
"ఓస్, ఇక్కడేగా," అంటూ
మోకాళ్ల దాకా అలలోకి దిగి, కాలితో వెతికి, నిలబడింది.
"రా. ఇక్కడ చల్లగా ఉంటుంది.
మా అమ్మ కూడా ఇక్కడే నిలబడేది, కాళ్లు వాస్తే."

దిగాను. చల్లగా తగిలింది పాదానికి.
వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను.
ఉప్పే. కానీ పూర్తి ఉప్పు కాదు.

ఎన్ని డబ్బాలు, సార్జెంటూ,
ఎన్ని తెల్లవారుజాములు
మన కిందుగా నడిచి
ఇక్కడికొచ్చి సముద్రంలో పడ్డాయో.

బోరు వేస్తారో లేదో రాజధాని నుంచి కబురు రాలేదు.
బెన్విందా పడవెక్కి వెళ్లిపోయింది,
ఒక పిడత మర్చిపోయి.
అడుగున కాస్త నీలం ఉంది ఇంకా.
ఒక్క పిడతతో ఏ అంకే రాదు,
తెలుసు.
గోతిలో ఉంచాను.
రోజూ కాస్త తడుపుతున్నాను.