గోరంత గ్రీజు

నట్టు సులువుగనే వచ్చింది.
స్ప్లిట్ పిన్ను గుంజి ట్రేల పడేసి
పానా పెట్టి తిప్పితే
మూడో పట్టుకు మూలిగి వదిలింది.
యాక్సిల్ మాత్రం కదల్లేదు.

ఓదెలు బండి ఇది.
తెల్లారక ముందే రాంనగర్ చేపల మార్కెట్ల నిండి
మూసారాంబాగ్ దాకా
రవ్వలు, బొచ్చెలు, ఐసు గడ్డలు మోసే బండి.
వెనక డబ్బాల ఐసు కరిగి
ఉప్పునీళ్ళు బొట్టుబొట్టు
సరిగ్గ చక్రం నడుమకే కారుతయి.
మూసీ బ్రిడ్జి ఎక్కిన రోజుల్ల
ఆ నీళ్ళు గూడ తాగింది.
కడిగినా పోదు నీసు వాసన.

కిరసనాయిలు పోసిన. చాయ్ తాగొచ్చిన.
డీజిల్ పోసిన.
ఇత్తడి కడ్డీ ఆనించి సుత్తెతో కొట్టిన.
ఇనుముతో కొడితే మర పువ్వులెక్క విచ్చుకుంటది,
ఇగ దాన్ని దేవుడు గూడ తియ్యలేడు.

కొడుతుంటే సప్పుడు మారాలె.
పట్టేసిన ఇనుము ‘ఠప్’ అంటది, మొండిగ.
వదిలే ముందర ‘ఠంగ్’ అంటది,
లోపల ఎక్కడో ఊపిరికి సందు దొరికినట్టు.
పొద్దటి సంది ఠప్పే.

‘ఎవడు బిగించిండే దీన్ని?
గోరంత గ్రీజు పెట్టుంటే
ఏలితో నూకితే వచ్చేది.
చెయ్యిరగ వానిది!’

‘ఎవడో, యాదికి లేదన్నా,
ఈ అంబర్‌పేటల్నే ఎక్కడ్నో’ అన్నడు ఓదెలు.
ఖాళీ డబ్బా మీద కూసొని
ఫోన్ల గిరాకీలకు సర్దిచెప్పుకుంటున్నడు:
‘కొర్రమీను ఇయ్యాల లేదక్కా, బండి ఖరాబైంది.’

గ్రీజంటే తిరిగేటందుకనే అనుకుంటరు అందరు.
యాక్సిల్ తిరగదు.
చక్రం తిరుగుతది, బేరింగు తిరుగుతది,
నడుమల ఇది నిలబడుతది.
నిలబడ్డదాన్నే తుప్పు పడుతది.
దీనికి పెట్టే గ్రీజు
నడిచేటందుకు కాదు,
ఒకరోజు విడిపోయేటందుకు.

గౌస్ ఉస్తాద్ చెప్పెటోడు:
‘బేటా, బిగించేటప్పుడే
ఇప్పెటోన్ని యాద్ చెయ్యి.
వాడెవడో నీకు తెల్వదు.
సలాం పెట్టినట్టు పెట్టు గ్రీజు.’

మంట చూపించి, మళ్ళ కొట్టి,
రెండింటికి, ఎండ షెట్టర్ లోపలికొచ్చినంక,
ఠంగ్.
ఎర్రగ, పొలుసులు పొలుసులుగ
బయటికొచ్చింది యాక్సిల్.
ఎండుచాపలెక్కుంది.
‘గిది గూడ నా సరుకేనా!’ అని నవ్విండు ఓదెలు.

వాషర్ కోసం ట్రేల చెయ్యి పెట్టిన.
ఏళ్ళకు తగిలింది పొద్దున పడేసిన స్ప్లిట్ పిన్ను.
రెండు కాళ్ళూ ఎడమకే మలిచి ఉన్నయి.

ఈ గల్లీల ఎడమచేత్తో ప్లయరు పట్టెటోన్ని
నేనొక్కన్నే.
ఉల్టా హాత్ అని ఉస్తాద్ తిట్టిన చెయ్యి.

అయిదేండ్ల కింద కావచ్చు.
డబ్బా అడుగంటిందో,
చాయ్ చల్లారుతదనో,
లోపల ఎవడు చూస్తడు అనుకున్ననో.
బండి గూడ గుర్తు లేదు.
పొద్దటి సంది తిట్టిన తిట్లన్నీ
ఒక్కొక్కటే వచ్చి
నా చెయ్యి మీద వాలినయి,
మార్కెట్టు ఈగలెక్క.

పోరన్ని పుత్లిబౌలి పంపి
కొత్త యాక్సిల్ తెప్పిచ్చిన.
స్పేసర్ లోపల తుప్పు ఎమిరీతో గీకిన,
బట్టతో తుడిచిన.
ఏలితో గ్రీజు రాసిన,
పసిపిల్లకు కాటుక పెట్టినంత పలసగ,
బ్రేకు షూ దిక్కు పోనియ్యకుండ.
ఇప్పెటోన్ని యాద్ చేసిన.
ఎవరి మొకమూ రాలేదు, నాదే వచ్చింది.

కొత్త పిన్ను దూర్చి మలిచిన.
ఎడమకే. వేరేగ రాదు నాకు.

‘కూలీ ఎంతన్నా?’
‘యాక్సిల్ పైసలియ్యి, చాలు.’
ఓదెలు నా దిక్కు చూసిండు.
చెప్పాలె. నోటిదాకా వచ్చింది.

‘ఐసు డబ్బా కింద
రబ్బరు పట్టా కొట్టిచ్చుకో’ అన్న.