చాలు

లోలన్ దీవిలో, బార్లీ చేను నడుమ,
లేవనని మొండికేసిన ఎద్దులా పడుకుంది దిబ్బ.
చుట్టూ బండరాళ్ళు, నెత్తిన ఒక ముళ్ళచెట్టు.
లోపల ఉన్నవాళ్ళు ఐదువేల ఏళ్ళ కిందటివాళ్ళని
బోర్డు మీద రాసుంది.
దాని కింద రాసింది రగ్న్‌హిల్‌కి నోటికొచ్చు:
రాతి అంచు నుంచి రెండు మీటర్ల లోపు
దున్నరాదు, తవ్వరాదు, ఎరువు వేయరాదు.

వాళ్ళ నాన్న యాల్మర్ అక్కడ దొంగ.
పెద్ద దొంగేం కాదు.
పొగమంచు దిగిన పొద్దున చూసి
ఏటా నాగలిని బెత్తెడు లోపలికి జరిపేవాడు.
ఈ ఒక్క చాలు చాలు, అనేవాడు.
మరుసటి ఏటికి చాలేది కాదు.
చచ్చినోళ్ళకి బ్యాంకు అప్పుందా, అనేవాడు
కాఫీలో రొట్టె ముంచుకుంటూ.
కొలవడానికొచ్చిన ఆఫీసరు కూడా
అదే కాఫీ తాగి, టేపు తీయకుండా వెళ్ళిపోయేవాడు.
ముప్పై ఏళ్ళు.
రాళ్ళ అంచుదాకా బార్లీ.

నక్కకి చదువు రాదు.
ఈ వసంతంలో దిబ్బకి ఉత్తరాన గుంత తీసి
పిల్లల్ని పెట్టింది.
మట్టితోపాటు బయటికి నెట్టింది:
ఒక కుండపెంకు,
ఒక చిన్న దవడ.
నాలుగు పాలపళ్ళు. వాటి కింద, ఎముక లోపల,
తన వంతు కోసం నిలబడ్డ ఇంకో పన్ను.

మ్యూజియంవాళ్ళు గురువారం వస్తామన్నారు.
అది సోమవారం, పైగా వాన.
మూడు రాత్రులు ఆ దవడ
వంటింటి కిటికీలో, టిఫిన్ డబ్బాలో, దూది మీద ఉంది.
ఏడేళ్ళ విల్లాస్
ఊగే పన్నుని నాలుకతో కదుపుతూ దాన్నే చూశాడు.
"వీడికి ఊడలేదా?"
"లేదు."
"ఎప్పుడు ఊడుతుంది?"
రగ్న్‌హిల్ కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

గురువారం వచ్చినామె తొడుగులు వేసుకుని
దవడ తీసుకుంది, రసీదు ఇచ్చింది.
పెంకు ఒకటి, దవడ ఒకటి, సంతకం.
నాన్న ఫొటో వెనక దోపింది రగ్న్‌హిల్ ఆ రసీదుని.

శరదృతువులో ట్రాక్టర్ ఆపి దిగింది.
టేపు ఒక కొస రాయి దగ్గర విల్లాస్ పట్టుకున్నాడు,
రెండో కొస పట్టుకుని ఆమె
నాన్న ముప్పై ఏళ్ళ మీదుగా వెనక్కి నడిచింది.
మేకులు పాతింది. వాటికి ఇవతలే నాగలి తిప్పింది.
మిగిలిన నేల నగ్నంగా, ఏం చేయాలో తెలియనట్టు ఉంది.
గడ్డి రావడానికి ఇంకో ఏడాది.

ఆమె అటు తిరిగినప్పుడు
విల్లాస్ జేబులోంచి కాగితం పొట్లం తీశాడు.
నిన్న రాత్రి ఊడింది, ఇంకా అమ్మకి చెప్పలేదు.
వేలు పెట్టి, కూడబలుక్కుని, బోర్డు చదివాడు.
తవ్వరాదని ఉంది.
పెట్టరాదని లేదు.