బత్తాయి తొక్క

నల్లగొండ పెద్దాస్పత్రి గేటు ముందల నా జూసు బండి.
ఇక్కడ ఆకలికి ఎవ్వరూ పండ్లు కొనరు,
మంచం మీదున్న మనిషి కోసం కొంటరు.
అందుకే అడుగుతరు:
"అమ్మా, మందు కొట్టినయా ఇవి?"

లోపల సూదిలకు ఎక్కించేదీ మందే,
తోటల పంపుల పోసేదీ మందే.
ఏ మందు అడుగుతున్నవ్ బిడ్డా, అని నవ్వి
కత్తి అందుకుంట.

ఈ బండి కంటె ముందు ఆరేండ్లు
గుర్రంపోడు దిక్కు అనంతరెడ్డి తోటల పని.
నా పెనిమిటి ట్యాంకు ఎత్తుకుంటే
నేను డ్రమ్ముల నీళ్లు పోసి కట్టెతోని కలిపేదాన్ని.
సైదమ్మకు చదువు రాదు, డబ్బా మీది రంగు ఎరుకే.
ఎర్ర మూల ఉంటే పిల్లలను గట్టు దాటనియ్యం.
ఆకుపచ్చ మూలైతే
మగోళ్లు ఆ చేతుల్తోనే బీడీ ముట్టిస్తరు.

కొట్టినంక ఎన్నొద్దులకు తెంపాల్నో
డబ్బా ఎనుక చీమ తలకాయంత అచ్చరాలల్ల ఉంటదంట.
మా ఆడిబిడ్డ కొడుకు ఉపేందరు
ఫోన్ల పెద్దగ చేసి చదివిండు:
ముప్పై దినాలు, అత్తా.
ఎనిమిదో దినం పట్నం లారీ వచ్చి ఆగింది.
ఎల్లుండికి రేటు పడుతదన్నడు సేటు.
అనంతరెడ్డి చెట్ల దిక్కు చూసిండు,
జేబుల మడిచిన బ్యాంకు కాయితం తడుముకున్నడు.
ఇరవై రెండు దినాలు చెట్టుకే ఉండిపోయినయి,
కాయలు పోయినయి.

గిరాకికి ఇదంత చెప్తనా? చెప్ప.
ఉప్పు నీళ్లల్ల నానబెడుత, పీచుతోని రుద్దుత.
మా మర్రిగూడ బోరు నీళ్లు తాగి తాగి
మా నాయిన నడుము కొడవలి లెక్క వంగింది.
పండునైతే నీళ్లతోని కడుగుత సరే,
నీళ్లను దేనితోని కడగాలె?

వార్డుల డాక్టరమ్మ ఒకనాడు జూసు తాగుకుంట అన్నది,
"తొక్క దళసరి సైదమ్మా,
చానావరకు మందు తొక్కల్నే ఆగుతది.
పండు తినుడు బంద్ జేస్తె అదింకో రోగం."
నిజమే కావచ్చు.
తొక్క తీసి తినేటోనికి భయం తక్కువ.
తీసేదాన్ని నేను గద.
దినాం రెండు బస్తాలు ఈ గోర్లను ఒరుసుకుంటనే పోతయి.
రాత్రి బువ్వ కలిపితే
పప్పుల తోట వాసనొస్తది.

ఖాజాబీకి ఒక నల్లమేక ఉన్నది.
నా తొక్కలు దానికి, దాని పాలు ఒక గిలాస నాకు,
మూడేండ్ల లెక్క అది, ఎక్కడా రాసుకోలే.
డాక్టరమ్మ మాట విన్న నాటి సంది
బస్తా మూతి బిగ్గట్టి బండి కింద దాస్తున్న.
మేక వచ్చి సుతిలి కొరుకుతది, అదిలిస్త.
"తొక్కలకాడ గూడ గింత పిసినారితనమా"
అన్నదట ఖాజాబీ టీ కొట్టుకాడ.
నాలుగొద్దులాయె, గిలాస రాలే.

చెప్పాలె ఆమెకు.
చెప్తే గేటు ముందలనే చెప్పాలె,
ఆమె చెవులు జర మందం, గట్టిగ చెప్పాలె.
గిరాకి నిలబడే ఉంటది.

"అమ్మా, రెండు డజన్లు. మంచియి చూసి ఇయ్యి.
మా నాయినకు ఆపరేషనైంది."

చూస్తున్న, బిడ్డా.
ఒక్కొక్కటి చేతుల తిప్పి
చూస్తనే ఉన్న.